గుట్ట కింద చిరుత: తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

కుంటగట్టు మీద చిరుత అడుగులు పడిన మాట నిజం. గ్రూపుల్లో తిరుగుతున్న వీడియో మాత్రం మన ఊరిది కాదు. అందులో కనిపించేవి టేకుచెట్లు, మన గుట్ట మీద ఉన్నవి బండలూ తుమ్మలూ. దయచేసి ఇంకెవరికీ పంపకండి. రేపు బడి ఉంటుందా అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తున్నవారికి కూడా ఇదే జవాబు: ఉంటుంది. సాయంత్రం స్టడీ అవర్ మాత్రం ఆపేశాం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపాక, పదిహేనేళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 తర్వాత టీటీడీ ఆ దారిలోకి వదల్లేదు. పొద్దు వాలాక పిల్లల్ని పాలకూ బీడీలకూ అంగడికి తరిమే అలవాటు మీరూ మానుకుంటే సంతోషిస్తాం.

ఆ అడుగులను గుర్తుపట్టింది మన తొమ్మిదో తరగతి అమ్మాయిలు ముగ్గురు. కుక్క అడుగులో గోళ్ల గుర్తు పడుతుంది. చిరుత గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది, దాని అరికాలి మెత్త వెనక అంచుకు మూడు వంపులుంటాయి. అడుగు చుట్టూ అట్టతో గోడ కట్టి, రెండు వంతుల ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను ఒక వంతు నీళ్లలో కలిపి పక్కనుంచి జారవిడిచారు. నేరుగా మీద పోస్తే అంచులు చెదురుతాయి. అరగంట ఆగి తీసిన అచ్చు చూసి ఫారెస్టు వాళ్లు చిరుతదేనని తేల్చారు. అచ్చు సైన్సు గదిలో ఉంది. ఆడపిల్లలకు సైన్సు ఎందుకన్నవారు ముందుగా వచ్చి చూడాలి.

వేరుశనగ చేలల్లోకి జింకలూ అడవిపందులూ దిగితే చిరుతా దిగుతుంది. కానీ దాన్ని ఊళ్లో నిలబెట్టేది దానికి తిండయ్యే మన కుక్కలు, ఆ కుక్కల్ని మేపేది ఆదివారం కోడిపేగులు కవర్లో కట్టి బడి ప్రహరీ అవతలికి విసిరే చేతులు. ఎవరివో మాకు తెలుసు, పేర్లు రాయడం లేదు. రెండడుగుల గుంత తీసి పూడ్చండి.

ఇక మరుగుదొడ్లు. ప్రతి సభలో ఇదే చెబుతానని నవ్వుకుంటారు, నవ్వండి. సర్కారు డబ్బుతో కట్టిన దొడ్లో కట్టెలూ యూరియా బస్తాలూ పెట్టి, పిల్లను చీకట్లో చెంబుతో గుట్టవైపు పంపుతున్నారు. నిలబడిన మనిషిని చూస్తే చిరుత తప్పుకుంటుంది. కూర్చున్న పిల్ల దాని కంటికి మేకపిల్ల ఎత్తే ఉంటుంది. బస్తాలు వసారాలో పెట్టుకోవచ్చు. ఎరువు తడుస్తుందని బిడ్డను చీకట్లోకి తోయడం ఏం లెక్క? ఈ నెలాఖరులోగా ప్రతి ఇంటి మరుగుదొడ్డి ఖాళీ కావాలి. మన విద్యార్థులే వచ్చి చూస్తారు, వాళ్లకు మొహమాటం తక్కువ.

తండా పిల్లలు ఐదుగురికి తగ్గకుండా, చిన్నవాళ్లను మధ్యలో పెట్టుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ నడవాలి. చిరుత ఎదురైతే పరుగెత్తకూడదు, వంగకూడదు, వీపు చూపకూడదు. సంచి నెత్తిమీదికెత్తి అరుస్తూ వెనక్కి జరగాలి. గోరు గీసుకున్నా సరే, సబ్బుతో పారే నీళ్ల కింద పావుగంట కడిగి రేబిస్ సూదికి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసుపు అద్దకండి. మేకలదొడ్డికి గోడ ఎంత ఎత్తున్నా పైకప్పు లేకపోతే లేనట్టే, ఇనుప జాలీ పరచండి. పందులకని కట్టిన ఉచ్చులూ కరెంటు తీగలూ తీసేయండి, ఆ తీగ మనుషుల్నీ వదలదు.

బోను పెట్టించమని అర్జీ తెచ్చారు. పుణె జిల్లా జున్నర్‌లో చిరుతల్ని పట్టి వేరేచోట్ల వదిలాక మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4 నుంచి 17కు పెరిగాయి. ఖాళీ అయిన చోటికి మరోటి వస్తుంది, కొత్తచోట పడింది దారి తెలియక తిరుగుతుంది. అందుకే ఆ అర్జీ మీద సంతకం పెట్టలేదు. చిరుత కనిపిస్తే 112కు చెప్పండి, చుట్టూ మూగి సెల్ఫీలు తీయకండి. పారిపోయే దారి మూసేస్తే అది మీద పడుతుంది.

మార్కుల కార్డుల మీద సంతకాలు, ఆధార్ జిరాక్సులు సోమవారానికి కావాలి. గుడ్లు చిన్నవిగా ఉన్నాయన్న ఫిర్యాదు పైకి పంపాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు