చెల్లని 28,686 ఓట్లకు జవాబు ఎవరు చెప్తారు? ప్రధాన ఎన్నికల అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి గారికి,

నమస్కారం. మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికి 2025 ఫిబ్రవరి 27న పోలింగ్ జరిగింది. పడిన ఓట్లు 2,52,029. అందులో చెల్లనివి 28,686. గెలిచిన అభ్యర్థికీ, రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థికీ మధ్య చివరికి తేలిన తేడా 5 వేల పైచిలుకు మాత్రమే. ఈ అంకెలు మీకు తెలియనివి కావు. అయినా మళ్లీ రాస్తున్నాను. ఫలితం వచ్చిన మర్నాటి నుంచి ఎవరు గెలిచారు, ఎందుకు గెలిచారు, ఎవరికి దెబ్బ అని అందరూ మాట్లాడారు. లైన్లో నిలబడి ఓటేసి కూడా లెక్కలోకి రాని ఈ ఇరవై ఎనిమిది వేల మంది గురించి మాత్రం ఎవరూ నోరు విప్పలేదు.

గెలిచినవారి గెలుపును నేను తప్పుపట్టడం లేదు. చెల్లిన ఓట్లను లెక్కించి ప్రకటించారు, అది చట్టప్రకారమే జరిగింది. నా బాధ చెల్లని ఓట్ల గురించే.

ఆ లెక్కింపులో ఒక స్వతంత్ర అభ్యర్థి తరఫున ఏజెంటుగా టేబుల్ ముందు కూర్చున్నాను. బ్యాలెట్లు కట్టలు కట్టి, చెల్లినవీ చెల్లనివీ వేరు చేయడానికే ఎంత సమయం పట్టిందో మీకు తెలుసు. ఈ ఎన్నికలో ఓటంటే, మనకు నచ్చిన క్రమంలో అభ్యర్థుల పక్క గడుల్లో 1, 2, 3 అని అంకెలు వేయడమే. ఆ వేరు చేస్తున్నప్పుడు నేను చూసినవి కొన్ని చెప్తాను. ఒక బ్యాలెట్ మీద అభ్యర్థి ఫోటో పక్క గడిలో టిక్కు. ఒకదాని మీద ముగ్గురు అభ్యర్థులకు మూడు 1లు. ఒకదాని మీద 1, 2, 3 మూడూ ఒకే గడిలో. ఒకరు అంకె వేయకుండా 'ఒకటి' అని అక్షరాల్లో రాశారు, చేతిరాత ముత్యాల్లా ఉంది. సంతకాలు పెట్టినవి ఎన్నో. 1 సరిగ్గా వేసి, దాని పక్కనే సంతకం చేసి, కింద తేదీ కూడా వేసినవారున్నారు.

ఒక బ్యాలెట్ నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. గడిలో 1 చక్కగా ఉంది. ఎవరికి వేశారో అనుమానమే లేదు. దాని కింద ఖాళీలో చిన్న అక్షరాలతో 'నోటిఫికేషన్లు వేయించండి సార్' అని రాసి ఉంది. ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్ల చుట్టూ, స్టడీ హాళ్ల చుట్టూ తిరుగుతున్న పిల్లవాడో పిల్లో అయి ఉంటారు. మనసులో మాట చెప్పుకోవడానికి దొరికిన కాగితం అదే. అంకె తప్ప ఇంకేం రాసినా ఓటరెవరో గుర్తుపట్టే వీలుంటుంది కాబట్టి ఆ ఓటు పోయింది. నేను అడిగితే టేబుల్ దగ్గరున్న అధికారి నిబంధన చూపించారు. ఆయన తప్పు లేదు. ఆ నిబంధన ఓటు వేసేముందు ఆ పిల్లలకు ఎవరు చెప్పారన్నదే నా ప్రశ్న.

'డిగ్రీలు చదివినోళ్లకు ఓటెయ్యడం రాదా' అని టీవీల్లో వెక్కిరించారు. నాకు చాలా కష్టమేసింది. అయ్యా, మేం సర్పంచి ఎన్నికల్లో గుర్తు మీద ముద్ర వేస్తాం. ఎంపీటీసీ, జడ్పీటీసీకీ అంతే. అసెంబ్లీకి, పార్లమెంటుకు బటన్ నొక్కుతాం. చేతికి పెన్నిచ్చి అంకె వేయమనేది ఈ ఎమ్మెల్సీ ఎన్నిక ఒక్కదాంట్లోనే. అదీ ఆరేళ్లకోసారి. పార్టీ గుర్తులుండవు, పేరు, ఫోటో ఉంటాయి. మొన్నటి బ్యాలెట్‌లో 56 మంది. చదువుకున్న మనిషి చేతికి పెన్నిస్తే ముందు టిక్కు పెడతాడు, లేదంటే సంతకం చేస్తాడు. ఆఫీసులో, బ్యాంకులో, బడిలో రోజూ చేసే పని అదే కదా. ఇక్కడ అలా చేయకూడదని చెప్పాల్సింది ఎన్నిక నిర్వహించేవాళ్లే.

అభ్యర్థులు ఎక్కువైనందుకే ఓట్లు చెల్లకుండా పోతున్నాయని ఒక మాట వినిపిస్తుంటుంది. అదెంత నిజమో వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానం లెక్కలు చూడండి. 2021లో అక్కడ 71 మంది పోటీ చేశారు, చెల్లని ఓట్లు 21,636. 2024 ఉప ఎన్నికలో పోటీదారులు 52 మందికి తగ్గారు. పోలైన ఓట్లూ తగ్గాయి, 3,36,013. చెల్లనివి మాత్రం 25,824కు పెరిగాయి. 2021లో నూటికి ఆరు కూడా లేనివి 2024కి దాదాపు ఎనిమిదయ్యాయి. 2025లో మా దగ్గర నూటికి పదకొండు దాటాయి. బ్యాలెట్ చిన్నదవుతున్నా తప్పులు పెరుగుతున్నాయంటే లోపం బ్యాలెట్ సైజులో లేదు.

లోపం ఎక్కడుందో అదే రోజు జరిగిన ఇంకో ఎన్నిక చెప్తుంది. అవే నాలుగు పాత జిల్లాల్లో టీచర్ ఎమ్మెల్సీకి 25,041 ఓట్లు పడితే చెల్లనివి 897. నూటికి నాలుగు కూడా కావు. వాళ్లకు పోటీదారులు తక్కువ, అది ఒప్పుకుంటాను. కానీ అసలు తేడా అది కాదు. ఉపాధ్యాయ సంఘాలు బడిబడికీ తిరిగి, నమూనా బ్యాలెట్ పట్టుకుని, ఏ గడిలో ఏం వేయాలో, ఏం వేయకూడదో చెప్తాయి. స్టాఫ్ రూంలో కూర్చోబెట్టి మరీ చెప్తాయి. మాకు సంఘం లేదు. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకునేవాళ్లు, మెడికల్ షాపులో పనిచేసేవాళ్లు, వ్యవసాయం చేసుకుంటున్న బీఏలు, పెళ్లై వేరే ఊరికి వెళ్లిన ఆడపిల్లలు, ఇంకా పరీక్షలు రాస్తున్నవాళ్లు. వీళ్లందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి చెప్పగలిగే యంత్రాంగం మీ దగ్గర మాత్రమే ఉంది.

పోలింగ్ కేంద్రంలో పోస్టరు అంటించామంటారు. నేను ఓటేసిన గదిలో కూడా ఉంది. తలుపు తెరిస్తే దాని వెనక్కి పోయింది, ఎవరికీ కనిపించలేదు. పేపరు సైజు బ్యాలెట్ చేతికిచ్చి, ఊదా రంగు పెన్నిచ్చి, 'తొందరగా కానివ్వండి' అన్నారు. నా ముందున్న పెద్దావిడ 'రెండోది వెయ్యకపోతే ఓటు పోతదా సార్' అని అడిగింది. అక్కడున్న ఉద్యోగి మాకు చెప్పే అధికారం లేదన్నారు. ఎవరికి వేయాలో చెప్పకూడదు గానీ, ఎలా వేయాలో ఎందుకు చెప్పకూడదు? ఆవిడ అలాగే లోపలికి వెళ్లింది. ఏం వేసిందో ఏమో.

ఆవిడ అడిగిన ప్రశ్నే ఈ ఎన్నికకు ప్రాణం. మొన్న మా దగ్గర చెల్లిన ఓట్లు 2,23,343. గెలవడానికి కావాల్సిన కోటా, అంటే చెల్లిన ఓట్లలో సగం కంటే ఎక్కువ, 1,11,672. మొదటి ప్రాధాన్యంలో, అంటే 1 అంకెల లెక్కలో, ముందున్న ముగ్గురికి వచ్చినవి 75,675, 70,565, 60,419. ఎవరూ కోటా దరిదాపుల్లో లేరు. అంటే ఎమ్మెల్సీ ఎవరో తేల్చింది మిగతావాళ్ల బ్యాలెట్ల మీద 2, 3 అని పడిన అంకెలే. ముఖ్యంగా మూడో స్థానంలో ఉన్న అభ్యర్థికి వేసిన అరవై వేల మంది తమ రెండో అంకె ఎవరి పక్కన వేశారన్నది. అదీ సరిపోక, చివరికి కోటా చేరకుండానే మిగిలిన ఇద్దరిలో ఎక్కువ ఉన్నవారిని గెలిచినట్టు ప్రకటించారు. 2024లో వరంగల్–ఖమ్మం–నల్లగొండలోనూ కోటా అందలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల ఎన్నిక మీకు గుర్తుండే ఉంటుంది. మొదటి ప్రాధాన్య ఓట్లలో వైసీపీ అభ్యర్థి ముందున్నారు, రెండో ప్రాధాన్య ఓట్లు కలిశాక టీడీపీ అభ్యర్థి గెలిచారు. రెండో అంకెకు ఇంత బలం ఉంది.

మరి మా ఊళ్లలో ఈ రెండో అంకె గురించి ప్రచారం ఎలా జరిగిందో తెలుసా? 'మావాడికి 1 వెయ్యండి, ఇంకెవరికీ ఏమీ వెయ్యకండి, వేస్తే మావాడి ఓటు తగ్గిపోతది.' ఒక పార్టీ కాదు, అన్ని పార్టీల కార్యకర్తలూ ఇదే చెప్పారు. ఇది పచ్చి అబద్ధం. మనం 1 వేసిన అభ్యర్థి పోటీలో ఉన్నంతవరకు మన 2 వైపు ఎవరూ చూడరు. ఆయన ఎలిమినేట్ అయితేనే ఆ కాగితం 2 వేసినవారి ఖాతాలోకి పోతుంది. 2 లేకపోతే ఆ కాగితం అక్కడితో ఆగిపోతుంది. లెక్కింపులో ఒక్కో అభ్యర్థి తప్పుకుంటున్న కొద్దీ కట్ట విప్పి చూస్తే, కాగితం తర్వాత కాగితం, 1 తప్ప ఏమీ లేదు. పక్కన పెట్టేస్తూ పోయారు. ఆ ఓటర్లు కావాలని మానేశారా, భయపడి మానేశారా? కావాలని మానేస్తే అది వాళ్ల హక్కు. అబద్ధం నమ్మి మానేస్తే, ఆ అబద్ధాన్ని ఖండించాల్సిన బాధ్యత మీది. మీ వైపు నుంచి 'రెండో ప్రాధాన్యం వేస్తే మొదటి ఓటుకు నష్టం లేదు' అని ఒక్క ప్రకటన మా మండలంలో మేం వినలేదు.

మా ఫోన్ నంబర్లు లేవా అంటే, ఉన్నాయి. ప్రతిసారీ పాత జాబితా పక్కన పడేసి, మళ్లీ ఓటరు నమోదుకు ఫారం 18 నింపమంటారు. గత ఎన్నికలో ఓటేసినా సరే, డిగ్రీ సర్టిఫికెట్ మళ్లీ పెట్టాలి, ఫోటో మళ్లీ పెట్టాలి, ఫోన్ నంబరు మళ్లీ ఇవ్వాలి. ఇచ్చాం. ఎన్నికల నెలంతా ఆ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అభ్యర్థుల రికార్డెడ్ కాల్స్, వాట్సాప్ మెసేజ్‌లు, పొద్దున లేచింది మొదలు అదే గోల. నంబర్లు వాళ్ల దాకా ఎలా వెళ్లాయో ఈ లేఖలో అడగడం లేదు. మీకు ఇచ్చిన ఆ నంబరుకు మీ దగ్గర నుంచి, 'గడిలో అంకె మాత్రమే వేయండి, టిక్కు పెట్టొద్దు, సంతకం చేయొద్దు' అని రెండు లైన్ల మెసేజ్ ఎందుకు రాలేదని అడుగుతున్నాను. మూడున్నర లక్షల మంది ఓటర్లకు ఒక మెసేజ్ పంపడం ఈ రోజుల్లో అంత కష్టమా?

ఇదంతా మొదటిసారి చెప్పడం కాదు. వరంగల్–ఖమ్మం–నల్లగొండ ఉప ఎన్నిక ఫలితం చూసి, మా దగ్గర ఇలా కాకూడదని జిల్లాలో ఒక అధికారికి వినతిపత్రం ఇచ్చాం. డిగ్రీ కాలేజీల్లో, మండల కేంద్రాల్లో నమూనా బ్యాలెట్ పెట్టి చూపించమని అడిగాం. తీసుకున్నారు, స్టాంపు వేసి రశీదు ఇచ్చారు. పోలింగ్ దగ్గరపడ్డాక మళ్లీ వెళ్తే, పైనుంచి ఆదేశాలు రావాలన్నారు. ఫలితాల తర్వాత వెళ్తే, ఎన్నిక అయిపోయింది కదా అన్నారు. నిజమే, అయిపోయింది. మా ఓట్లు కూడా అయిపోయాయి. అందుకే ఆదేశాలిచ్చే స్థానంలో ఉన్న మీకు రాస్తున్నాను.

దయచేసి రెండు మూడు పనులు చేయించండి. నమోదు చేసుకున్న ప్రతి పట్టభద్రుడి ఫోన్‌కు పోలింగ్‌కు ముందు తెలుగులో, ఉర్దూలో సూచనలు పంపించండి. ఓటు ఎలా వేయాలో చెప్పడం తప్పు కాదని పోలింగ్ సిబ్బందికి రాతపూర్వకంగా తెలియజేయండి. క్యూలో నిలబడ్డవాళ్ల చేతికి ఒక నమూనా కాగితం ఇవ్వండి, వీలైతే బ్యాలెట్ నెత్తినే 'అంకె మాత్రమే' అని అచ్చు వేయించండి. అది మీ చేతిలో లేకపోతే కేంద్ర ఎన్నికల సంఘానికి మీరు రాయండి, మేం రాస్తే చదివే నాథుడు లేడు. ఇంకోటి. చెల్లని 28,686లో టిక్కులెన్ని, సంతకాలెన్ని, ఖాళీవెన్ని, రెండు చోట్ల 1 వేసినవెన్ని అనే లెక్క ప్రకటించండి. లెక్కింపు హాల్లో మాకు మొత్తం అంకె మాత్రమే చెప్పారు. ఏ తప్పు ఎంతమంది చేశారో తెలియకపోతే దిద్దేది ఎలా?

హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్, వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల స్థానాల పదవీకాలం 2027 మార్చిలో ముగుస్తుంది. 2021లో ఆ రెండు చోట్లా ఇరవై ఒక్క వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. ఆ ఎన్నికకు నవంబరు 1 అర్హత తేదీతో ఫారం 18లు మళ్లీ మొదలవుతాయి. ఆ నోటీసులోనే, నమోదుతో పాటే, ఓటు వేసే పద్ధతి కూడా చేర్చండి. నమూనా బ్యాలెట్ ప్రదర్శన ఏ మండలంలో ఏ రోజు పెడతారో తేదీలతో ప్రకటించండి. మా మండలంలో కుర్చీలు వేయడానికి, మైకు పెట్టడానికి, ఊరూరా తిరిగి పిలుచుకురావడానికి మేం సిద్ధం. మీ దగ్గర నుంచి ఒక అధికారి, ఒక నమూనా బ్యాలెట్ వస్తే చాలు.

జవాబు కోసం ఎదురుచూస్తూ,

కరీంనగర్ జిల్లా నుంచి
ఒక పట్టభద్ర ఓటరు