కువైట్ కుర్రాళ్ల కథలో మిగతావాళ్లేరి?

సంపాదకులకు నమస్కారం.

గల్ఫ్‌కు పోయిన కుర్రాళ్ల మీద తెలుగులో ఒక గట్టి సినిమా రావాలని మీ సినిమా పేజీలో ఒకరు రాశారు. రావాల్సిందే. అయితే అందులో ఎవరెవరు ఉండాలన్నది కూడా ఇప్పుడే మాట్లాడుకుంటే మంచిది. తిరుపతిలో పాస్‌పోర్ట్ దరఖాస్తులు ఆన్‌లైన్‌లో నింపిపెట్టే చిన్న షాపు నాది. రాయచోటి, పీలేరు, కలకడ, రాజంపేట వైపు నుంచి వచ్చేవాళ్లే నాకు గిరాకీ. మన సినిమాల్లో ఫారిన్ పోయే కుర్రాడికీ, నా ఎదురుగా కూర్చునే కుర్రాడికీ ఎక్కడా పొంతన లేదు. సినిమావాడు ఎక్కువగా అమెరికా పోతాడు, సాఫ్ట్‌వేర్ చేస్తాడు. నా దగ్గరికొచ్చేవాడు డ్రైవర్ వీసా కోసం అప్పు చేసి వస్తాడు.

మలయాళీలు 2024లో ‘ఆడుజీవితం’ తీశారు. గల్ఫ్‌కు పోయి, ఎడారిలో మేకల మంద దగ్గర బానిసలా చిక్కుకున్నవాడి కథ. తెలుగు డబ్బింగ్‌లో మనమూ చూశాం. అందులో నాకు నచ్చిందేమిటంటే, కథానాయకుడు నజీబ్ ఇసుక తీసే కూలి, ముస్లిం. దాని గురించి సినిమా ప్రత్యేకంగా డప్పు కొట్టదు. మన రాయచోటి, మదనపల్లె నుంచి ఎంతమంది ముస్లిం కుర్రాళ్లు కువైట్‌లో ఉన్నారో ఇక్కడ ఎవరినడిగినా చెప్తారు. మన తెరమీద మాత్రం ముస్లిం అంటే హీరో పక్కన నిలబడే ఫ్రెండ్, లేదంటే బాంబులు పెట్టేవాడు. ఎస్సీ కాలనీ నుంచి పోయిన కుర్రాడైతే ఆ ఫ్రెండ్ వేషానికి కూడా నోచుకోడు.

యాస సంగతీ చెప్పాలి. ‘పుష్ప’ పుణ్యమా అని చిత్తూరు యాసను దేశమంతా విన్నారు, సంతోషం. కానీ ఆ యాసకు దొరికిన ఉద్యోగం ఎర్రచందనం స్మగ్లింగ్! ‘యాడుండావు నా, తిన్యావా’ అని కువైట్ నుంచి వాయిస్ మెసేజ్ పెట్టే మామూలు డ్రైవర్ నోట ఆ మాటలు ఎప్పుడు వింటామో.

‘ఆడుజీవితం’ మీద నాకొక అసంతృప్తి కూడా ఉంది. నజీబ్ తప్పించుకునేటప్పుడు ఎడారిలో దారి చూపించేది ఇబ్రహీం ఖాదిరి అనే ఆఫ్రికన్. ఆ పాత్రకు హైతీలో పుట్టిన జిమ్మీ జాన్-లూయీని, అరబ్ పాత్రకు ఒమన్ నటుడు తాలిబ్ అల్ బలూషిని తీసుకున్నారు. మనవాళ్లకు రంగు పూసి నిలబెట్టలేదు, అది మెచ్చుకోవాలి. కానీ ఇబ్రహీం ఏ పని మీద అక్కడికొచ్చాడు, వాడి ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారు? నజీబ్‌కు ఇంటి జ్ఞాపకాలు పుష్కలంగా ఇచ్చిన సినిమా, వాడికి దారి చూపించే పని ఒక్కటే ఇచ్చింది. అరబ్బు యజమానులదీ అదే కథ. జీతం ఎగ్గొట్టి పాస్‌పోర్ట్ లాక్కున్న కఫీల్ (వీసా ఇచ్చి పనికి పెట్టుకునే యజమాని) గురించి విన్నాను, డ్రైవర్ కూతురి పెళ్లికి డబ్బులిచ్చి పంపిన కఫీల్ గురించీ విన్నాను. సినిమాకు మొదటివాడే పనికొస్తాడు.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగ్ తగలబడి నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. మలయాళీలు ఎక్కువ. తమిళులు, ఉత్తరప్రదేశ్ వాళ్లు, మన ఆంధ్రావాళ్లూ ఉన్నారు. ఫిలిప్పీన్స్ వాళ్లూ పోయారు. గల్ఫ్‌లో రూమ్ అంటే అట్లా ఉంటుంది. పక్క మంచం బెంగాలీది, కింది మంచం నేపాలీది, మాట్లాడుకునేది విరిగిన హిందీ, వంటకు వంతులు. మన సినిమా అక్కడికి పోతే మాత్రం రూమంతా తెలుగే మాట్లాడుతుందేమోనని నా భయం.

కుర్రాళ్ల కథ కదా, ఆడవాళ్లెందుకు అంటారేమో. పదో తరగతి పాసవకపోతే పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని పడుతుంది. దానితో కువైట్, సౌదీ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాలి, అదే ఆడవాళ్లయితే ముప్పై ఏళ్లు నిండాలి. అందుకే ఇంటిపనికి పోయేవాళ్లలో చాలామంది పిల్లల తల్లులు. ఇక్కడ అవ్వ దగ్గర పెరిగి, అమ్మ పంపిన దినార్లతో చదివి, ఇరవై దాటాక తనూ అక్కడికే పోయే కొడుకులున్నారు. కొందరికైతే తాము డ్రైవర్‌గా చేరిన ఇంట్లోనే మన పక్క ఊరి ఆడమనిషి వంట చేస్తుంటుంది. ఆమె లేకుండా ఆ డ్రైవర్ కథ ఎలా చెప్తారు? వీడియో కాల్‌లో ఏడ్చే పెళ్లామో తల్లో ఉంటే సరిపోదు.

తీయబోయే దర్శకులకు నా మనవి: ఆడిషన్లు హైదరాబాద్‌లోనే కానిచ్చేయకండి. రాయచోటిలో పెట్టండి, పీలేరులో పెట్టండి. అక్కడ పనిచేసి తిరిగొచ్చినవాళ్లను, ఆడా మగా ఇద్దరినీ, కథ రాసేటప్పుడే పక్కన కూర్చోబెట్టుకోండి, డబ్బులిచ్చి. ఈజిప్టు మేస్త్రీ వేషం ఈజిప్టు వాడికే ఇవ్వండి. ఖర్చవుతుందంటే, దుబాయ్‌లో తీసే పాట ఒకటి తగ్గించుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి