ప్రసవ జ్ఞాపకాలనూ అడగాలి
ప్రసవానంతర పరీక్షల్లో తల్లి రక్తపోటు, కుట్లు, బిడ్డ బరువు చూస్తున్నారే తప్ప, ఆ ప్రసవం ఆమె మనసులో ఎలా మిగిలిందో అడగడం లేదు. ప్రసవ గదిలో కసుర్లు తిన్న, చెప్పకుండానే కోత పెట్టించుకున్న బాలింతలు నెలలు గడిచినా ఆ క్షణాలు కళ్లముందు మెదిలి నిద్ర పట్టడం లేదనడం మా బంధువర్గంలోనే విన్నాను. ఇంట్లోవాళ్లు మాత్రం తల్లీబిడ్డా క్షేమమేనని ఊరుకుంటారు. బాలింతల్లో కుంగుబాటును గుర్తించడానికి వాడే 1987 నాటి ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని 10 ప్రశ్నలు గడిచిన ఏడు రోజుల దిగులును పట్టుకుంటాయి గానీ ప్రసవ జ్ఞాపకాన్ని కాదు. ఆ జ్ఞాపకం ఎంత స్పష్టంగా, ఎంత తరచుగా, వద్దనుకున్నా వస్తోందో కొలిచే ప్రశ్నావళులు వేరుగా ఉన్నాయి. ఆశా కార్యకర్త 42వ రోజు ఇంటికి వచ్చినప్పుడు ఈ రెండు రకాల ప్రశ్నలనూ తేలిక తెలుగులో, అత్తగారూ భర్తా పక్కన లేకుండా అడిగి, అవసరమైనవారిని జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పంపే ఏర్పాటును రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలూ చేయాలి.
– ఒక పాఠకురాలు, ఖమ్మం