ఇన్ఫినిటీకి ఫోకస్ పడని మీ అడాప్టర్ గురించి ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ వారికి,

నమస్కారం. మీ దగ్గర 6,800 రూపాయలు పెట్టి కొన్న అడాప్టర్ గురించి రాస్తున్నాను, నికాన్ ఎఫ్ లెన్స్‌ని ఫ్యూజీ జీఎఫ్ఎక్స్ అనే మీడియం ఫార్మాట్ (35 ఎంఎం ఫిల్మ్ కంటే పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకి తగిలించేది. దూరంగా ఉన్నవాటికి ఫోకస్ పడడం లేదని, ఫొటోలో ఒక పక్క ఎప్పుడూ మసకబారి సాఫ్ట్‌గా వస్తోందని ఇంతకుముందే ఫొటోలతో సహా పంపాను. పాత లెన్స్‌లకి ఇవన్నీ మామూలే, లెన్స్‌ని సర్వీసింగ్‌కి ఇచ్చుకోండి అని ఒక్క ముక్క రాసి కంప్లైంట్ క్లోజ్ చేసేశారు. నేను ఒప్పుకోను. తేడా మీ అడాప్టర్‌లోనే ఉంది. అంత గట్టిగా ఎందుకంటున్నానో కింద రాస్తున్నాను, ఈసారి దయచేసి ఈ మెయిల్‌ని ఆ రింగు తయారుచేసే వాళ్ళకి చూపించండి.

మీ అడాప్టర్‌లో గాజు లేదు, చిప్ లేదు, అదొక బోలు లోహపు రింగు. నికాన్ ఎఫ్ మౌంట్‌లో లెన్స్ కూర్చునే అంచు నుంచి ఫిల్మ్ దాకా ఉండాల్సిన దూరం 46.5 మిల్లీమీటర్లు. జీఎఫ్ఎక్స్‌లో మౌంట్ నుంచి సెన్సర్ దాకా ఉన్నది 26.7. తేడా 19.8. మీ రింగు మందం సరిగ్గా అంత ఉండాలి, దాని రెండు ముఖాలూ సమాంతరంగా ఉండాలి, లోపలి గోడ వెలుగుని తిప్పికొట్టకూడదు. డబ్బులిచ్చి కొనేది ఈ మాత్రం పని కోసమే, ఇందులో ఒక్కటీ సరిగ్గా జరగలేదు.

మా విజయనగరంలో తెలిసినాయన లేత్ షాపులో మైక్రోమీటర్ పెట్టి కొలిపించాను. పల్చగా ఉన్న చోట 19.96, మందంగా ఉన్న చోట 20.05 వచ్చింది. అంటే ఉండాల్సినదానికంటే అటూ ఇటూగా 0.2 మిల్లీమీటరు ఎక్కువ. అంతేనా అని మీ వాళ్ళకి అనిపించొచ్చు, కానీ లెన్స్ పేరులో ఎంఎంలలో ఉండే ఫోకల్ లెంగ్త్‌ని దానితోనే గుణించి ఆ ఎక్కువైన మందంతో భాగిస్తే లెన్స్ ఎంత దూరం దాకా ఫోకస్ చెయ్యగలదో తెలిసిపోతుంది: 85 ఎంఎం లెన్స్ సుమారు 36 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, 50 ఎంఎం అయితే పన్నెండున్నర మీటర్లకే. నా దగ్గర జరుగుతున్నది అక్షరాలా ఇదే. మేడ మీద నుంచి గంటస్తంభం వైపు కెమెరా పెట్టి ఫోకస్ రింగుని ఇన్ఫినిటీ గుర్తు దాకా తిప్పి, ఇక తిరగనంత వరకూ తిప్పినా గడియారం మీద అంకెలు మసకగానే ఉంటాయి, అదే వీధిలో కాస్త ఇవతల ఉన్న షాపు బోర్డు మాత్రం చక్కగా చదవొచ్చు. చాలామంది తయారీదారులు రింగుని కావాలనే ఒక పిసరు పల్చగా చేస్తారు, అప్పుడు ఫోకస్ ఇన్ఫినిటీ దాటి కొంచెం ముందుకు పోతుంది, దాంతో ఇబ్బందేమీ లేదు, వెనక్కి తిప్పుకుంటాం. మందం ఎక్కువైతే కొన్నవాడు చెయ్యగలిగిందేమీ ఉండదు. మీకిది తెలియదంటే నమ్మలేను.

రెండోది ఒక పక్క సాఫ్ట్‌గా రావడం, నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళని నేను చాలాకాలంగా ఫొటోలు తీస్తున్నాను. పనసకర్రని తొలిచి వీణ చేసే పని ఎక్కువగా ఇంటి వసారాల్లో, కిటికీ వెలుగులో జరుగుతుంది, ఫ్లాష్ కొడితే ఆ చెక్క రంగే మారిపోతుంది. అందుకే నాకు తక్కువ వెలుగు సరిపోయే, రంధ్రం పెద్దగా తెరుచుకునే ఎఫ్/1.4, ఎఫ్/1.2 లెన్స్‌లు కావాలి. అందుకే అప్పు చేసి మరీ సెకండ్ హ్యాండ్‌లో జీఎఫ్ఎక్స్ 50ఆర్ కొన్నాను. మా పెద్దనాన్నగారి స్టూడియో నుంచి వచ్చిన 85 ఎంఎం ఎఫ్/1.4 నిక్కర్‌ని 43.8 బై 32.9 మిల్లీమీటర్ల సెన్సర్ ముందు పెడితే, మామూలు ఫుల్ ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ సైజు) లెక్కలో 67 ఎంఎం ఎఫ్/1.1 లెన్స్‌తో తీసినంత వెడల్పూ, వెనకాల అంత కరిగిపోయిన బ్యాక్‌గ్రౌండూ వస్తాయి. ఆ లుక్ కోసమే ఈ ఖర్చంతా. తీరా మీ అడాప్టర్ పెట్టి వీణని కెమెరాకి ఎదురుగా అడ్డంగా పెట్టి తీస్తే కుండ వైపు షార్ప్‌గా, చివర చెక్కిన యాళి తల వైపు అలికేసినట్టుగా వచ్చింది.

కెమెరా వంకరగా పెట్టానేమోనని మీరు అంటారని తెలుసు, అందుకే గోడకి న్యూస్‌పేపర్ అంటించి ట్రైపాడ్ మీద నిటారుగా పెట్టి తీశాను, ఆ తర్వాత కెమెరాని తలకిందులు చేసి మళ్ళీ తీశాను. కెమెరా తిరిగితే ఆ సాఫ్ట్ పక్క కూడా దాంతోపాటు తిరిగి పేపర్లో రెండో వైపుకి వెళ్ళింది. గోడదో ట్రైపాడ్‌దో అయితే అలా తిరగదు. ఒక అంచు ఇంకో అంచుకంటే 0.09 మిల్లీమీటరు మందంగా ఉన్న రింగుతో లెన్స్ ఏటవాలుగా కూర్చుంటుంది, ఎఫ్/1.4 లాంటి చోట ఆ కొంచెమే బొమ్మని పాడుచేస్తుంది.

ఇక మీ జవాబులో ఉన్న సాకుల సంగతి. లెన్స్‌లో ఫంగస్ ఉండొచ్చన్నారు. లేదు, టార్చ్ వేసి తీసిన ఫొటో కూడా పంపాను, పైగా ఫంగస్ ఉంటే కాంట్రాస్ట్ తగ్గుతుంది కానీ ఫోకస్ 36 మీటర్ల దగ్గర ఆగిపోదు. అదే 85, అదే 50 ఎఫ్/1.2 నా పాత నికాన్ బాడీ మీద ఇన్ఫినిటీకి కచ్చితంగా ఫోకస్ అవుతున్నాయి. శ్రీకాకుళంలో ఉన్న స్నేహితుడి దగ్గర వేరే కంపెనీ అడాప్టర్ తెచ్చి ఇదే కెమెరా మీద పెడితే అక్కడా సరిగ్గానే ఉన్నాయి. లెన్స్ అదే, కెమెరా అదే, మారింది అడాప్టర్ ఒక్కటే. గుమ్మం ఒరిగిపోయి తలుపు పట్టకపోతే తలుపుని చిత్రిక పట్టించుకోమన్నట్టుంది మీ సలహా.

లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8లో వాడమన్నారు. ఎఫ్/8లో తీసుకోవడానికి ఎఫ్/1.4 లెన్స్ ఎందుకండీ? పక్కల సాఫ్ట్‌నెస్ ఎఫ్/8లో కప్పబడిపోతుంది, నిజమే, దూరం ఫోకస్ మాత్రం అప్పుడు కూడా పూర్తిగా రాదు. కెమెరాలో 35 ఎంఎం ఫార్మాట్ మోడ్ పెట్టుకోమన్నారు. ఆ మోడ్ సెన్సర్ మధ్యలో 36 బై 24 ముక్క మాత్రమే తీసుకుంటుంది, 50 మెగాపిక్సెల్ ఫొటో కాస్తా 30కి పడిపోతుంది, మీడియం ఫార్మాట్ కొన్న ప్రయోజనమే పోతుంది. అయినా సరే అడాప్టర్ మందం తగ్గదు కదా.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 50 ఎఫ్/1.2 పెట్టినప్పుడు మూలలు నల్లబడుతున్నాయి, దాని గురించి నేను మీ మీద ఫిర్యాదు చెయ్యడం లేదు. 35 ఎంఎం ఫిల్మ్ మూల నుంచి మూలకి 43.3 మిల్లీమీటర్లు, జీఎఫ్ఎక్స్ సెన్సర్ దాదాపు 54.8. చిన్న ఫిల్మ్ కోసం చేసిన లెన్స్ ఈ పెద్ద సెన్సర్ మొత్తాన్ని కప్పకపోతే అది ఆ లెన్స్ స్వభావం, దూరానివి తీసే టెలీ వైపు లెన్స్‌లు బాగా కప్పుతాయి, వెడల్పుగా తీసే వైడ్ లెన్స్‌లు కప్పవు, ఈ పని చేసేవాళ్ళందరికీ తెలిసిందే. కానీ మీ ప్రొడక్ట్ పేజీలో అన్ని నికాన్ లెన్స్‌లకీ విగ్నెటింగ్ (ఇలా మూలలు నల్లబడడం) ఉండదని, ఇన్ఫినిటీ గ్యారంటీ అని పెద్ద అక్షరాలతో రాశారు. మొదటిది ఏ బోలు రింగూ ఇవ్వలేని హామీ. రెండోది ఏ రింగైనా ఇచ్చి తీరాల్సిన హామీ. మొదటిది కొత్తవాళ్ళని మోసం చెయ్యడమే, ఆ లైను తీసేయండి.

లోపలి గోడ సంగతి కూడా. బయట నల్లగా బాగుంది, లోపల మాత్రం మెరుస్తోంది. కిటికీ ఫ్రేములో ఉంటే చాలు, ఫొటో కింది సగం పాలు పోసినట్టు తెల్లబారుతోంది, స్నేహితుడి అడాప్టర్‌తో అదే చోట అలా రావడం లేదు. పైగా లెన్స్ లాక్ దగ్గర కూడా లూజు ఉంది, ఫోకస్ తిప్పుతుంటే లెన్సంతా కదులుతుంది.

దీనివల్ల నాకు పోయింది డబ్బు ఒక్కటే కాదు. ఏటా దసరా తర్వాత వచ్చే మంగళవారం మా ఊళ్ళో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది, ఆ పొడవాటి చింతమాను చివర పూజారిగారు కూర్చుని ఉంటారు, కింద వీధి నిండా జనం. మేడ మీద చోటు అడిగి పెట్టుకుని, ఈసారి మీడియం ఫార్మాట్‌లో తీద్దామని మీ అడాప్టర్ ముందుగానే తెప్పించాను. టెస్ట్ చేస్తేనే సంగతి బయటపడింది, మార్చి ఇమ్మని రాశాను, మీరు లెన్స్ మీదకి తోసేశారు, పండగ వచ్చేసింది. మేడ నుంచి సిరిమాను అంత దూరంలో ఉంటే ఈ రింగుతో ఫోకస్ పడే అవకాశమే లేదు కాబట్టి పాత బాడీతో తీసుకున్నాను. ఆ ఉత్సవం మళ్ళీ వచ్చే ఏడాదే.

నాకు కావలసింది ఇది. పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వాలి, రింగుని మీ ఖర్చుతో తీసుకెళ్ళాలి. మార్చి ఇస్తామంటే, 19.8కి మించలేదని కొలిచి చూపించిన పీసు అయితేనే తీసుకుంటాను. ఇదే బ్యాచ్‌లో మిగిలినవి కూడా కొలిపించండి, నాలాగే ఇంకెంతమంది తమ లెన్స్‌ని అనుమానించి సర్వీసింగ్‌కి డబ్బు తగలేస్తున్నారో.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపం ఉన్న వస్తువునీ, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువునీ అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు, మీ గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయిస్తాను, ఆ తర్వాత విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం వచ్చాక కొన్నవాడు తన ఊళ్ళోనే కేసు వెయ్యొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.

బిల్లు, మైక్రోమీటర్ కొలతల ఫొటోలు, రెండు అడాప్టర్లతో ఒకే చోట నుంచి తీసిన గంటస్తంభం ఫొటోలు, న్యూస్‌పేపర్ టెస్ట్ ఒరిజినల్ ఫైళ్ళు ఈ మెయిల్‌కి జతచేశాను. రీఫండ్ ఎప్పటికి వస్తుందో తేదీతో సహా జవాబు రాయండి.

ఇట్లు,
మీ కస్టమర్,
విజయనగరం