తుపాకులకు తెరిచిన తలుపు ఆసుపత్రులకు ఎందుకు తెరవరు?

శ్రీ వాల్డిస్ డోంబ్రోవ్‌స్కిస్ గారికి,
ఆర్థిక వ్యవహారాల కమిషనర్, యూరోపియన్ కమిషన్, బ్రస్సెల్స్

అయ్యా,

నేను జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాడిని. ఇక్కడ పన్ను కడతాను, ఓటు మాత్రం లేదు. సభ్యదేశాల బడ్జెట్లు చూసి ఎవరు ఎంత తగ్గించుకోవాలో చెప్పేది మీ శాఖ. ఆ తగ్గింపులు వచ్చిపడే చోట బతుకుతున్నవాళ్లలో ఒకడిగా, రక్షణ ఖర్చుకు ఇచ్చిన మినహాయింపు ఆసుపత్రులకూ రైల్వేలకూ ఎందుకు ఇవ్వరని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీకు బాగా తెలిసిన సంగతే ముందు చెబుతాను. 2009 మార్చిలో మీరు లాత్వియా ప్రధాని అయ్యేనాటికి ఖజానా ఖాళీ. అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్), యూరోపియన్ యూనియన్ అప్పు ఇచ్చాయి, షరతులూ పెట్టాయి. ఆ ఒక్క ఏడాదిలోనే జీడీపీ దాదాపు ఏడో వంతు పడిపోయింది. మీరు టీచర్ల జీతాలు తగ్గించారు, ఆసుపత్రులు మూశారు. పింఛన్లలో వేసిన కోత చెల్లదని మీ రాజ్యాంగ న్యాయస్థానమే కొట్టేసింది. ఆ కోతల్లోనే పెద్దగా ఎవరి కంటా పడని ఒక కార్యాలయం కూడా పోయింది. భవన నిర్మాణాలను తనిఖీ చేసే ప్రభుత్వ విభాగం అది. దాని పనిని స్థానిక సంస్థలకు అప్పగించారు.

2013 నవంబరు 21 సాయంత్రం రీగా నగరంలోని జోలిటూడెలో ఒక సూపర్‌మార్కెట్ పైకప్పు కూలింది. జనం కొనుగోళ్లలో ఉన్న వేళ. కప్పు మీద తోట వేసే పని నడుస్తోంది, మట్టీ కంకరా ఎత్తి పోశారు. 54 మంది చనిపోయారు. లోపల చిక్కుకున్నవారిని బయటికి తేవడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది ముగ్గురు వారిలో ఉన్నారు. ఆరు రోజులకు మీరు రాజకీయ బాధ్యత వహించి రాజీనామా చేశారు. వంతెనలు కూలినా మంత్రుల కుర్చీలు కదలని చోటు నుంచి వచ్చినవాడిని, ఆ రాజీనామా విలువ నాకు తెలుసు.

డిజైన్ చేసిన ఇంజనీరుది తప్పని తర్వాత కోర్టు తేల్చింది. తనిఖీ విభాగం ఉండి ఉంటే ఆ లోపం దొరికి తీరేదని నేను ఒట్టు పెట్టి చెప్పలేను. అయితే ఆ విభాగాన్ని ఎత్తేయడం వల్ల ఎంత మిగిలిందో బడ్జెట్ పత్రంలో ఉంటుంది. అది లేనందువల్ల ఎంత ప్రమాదం పెరిగిందో ఏ పత్రంలోనూ ఉండదు. నా ఫిర్యాదంతా ఇదే. మరుసటి ఏడాది లాత్వియా మళ్లీ ఒక నిర్మాణ నియంత్రణ సంస్థను పెట్టుకోవలసి వచ్చింది.

2014 చివర్లో మీరు బ్రస్సెల్స్ వచ్చి కమిషన్‌లో యూరో వ్యవహారాలు చూసే ఉపాధ్యక్షులయ్యారు. అప్పటికి గ్రీసు నాలుగేళ్లుగా ఇదే మందు మింగుతోంది. 2009లో లోటును దాచిపెట్టింది ఏథెన్స్ ప్రభుత్వమే, దాన్ని నేను వెనకేసుకు రాను. అయితే మీ వైద్యం ఫలితం ఏమిటి? జీడీపీలో నాలుగో వంతు హరించుకుపోయింది. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది. 2012లో ప్రైవేటు అప్పులవాళ్లు 10,000 కోట్ల యూరోలకు పైగా వదులుకున్నా, 2009లో జీడీపీలో 127 శాతం దగ్గర ఉన్న అప్పు 2014 నాటికి 180 శాతానికి చేరింది. అప్పు తగ్గాలని ఖర్చు కోశారు. కోసిన కొద్దీ ఆదాయం అంతకన్నా వేగంగా కుంగింది. ప్రభుత్వం ఒక యూరో తగ్గిస్తే ఆర్థిక వ్యవస్థ అర యూరో మేర కుంగుతుందని అంచనా వేసుకున్నామనీ, నిజానికి అది 0.9 నుంచి 1.7 వరకు ఉందనీ ఐఎంఎఫ్ 2012లోనే ఒప్పుకుంది. ఈ మధ్య గ్రీసు అప్పు శాతం దిగుతోందని మీరు చూపిస్తారు. నిజమే, ధరలూ ఉత్పత్తీ పెరిగాక దిగుతోంది. ఆ దశాబ్దంలో దేశం విడిచి వెళ్లిన డాక్టర్లు ఆ శాతంలో లెక్కకు రారు.

గ్రీసులోని టెంపీ దగ్గర జరిగిన రైలు ప్రమాదం సంగతీ చెప్పాలి. 2023 ఫిబ్రవరి 28 రాత్రి ఏథెన్స్ నుంచి థెస్సలోనికి వెళ్లే ప్రయాణికుల రైలు, ఎదురుగా వస్తున్న గూడ్సు రైలు ఒకే పట్టా మీద నిమిషాల తరబడి నడిచి గుద్దుకున్నాయి. 57 మంది పోయారు, చాలామంది పండగ సెలవులకు వెళ్లి తిరిగొస్తున్న విద్యార్థులు. ఆ మార్గంలో సిగ్నళ్లు, దూర నియంత్రణ బాగుచేసే పనికి 2014లోనే కాంట్రాక్టు కుదిరింది. డబ్బులో మీ యూనియన్ వాటా కూడా ఉంది. రెండేళ్లలో కావలసిన పని తొమ్మిదేళ్లకూ కాలేదు. అందులో అవకతవకలు, అలసత్వం ఉన్నాయి, నేరం మొత్తం కోతల మీదకు నెట్టడం లేదు. కానీ రైల్వే సిబ్బందిని కుదించడం 2010లో గ్రీసుకు ఇచ్చిన బెయిలౌట్ (సంక్షోభ రుణం) షరతుల్లో భాగమే. సిగ్నల్ పనిచేయని చోట మనిషి ఉండాలి, ఆ మనుషులనే తగ్గించారు.

ప్రభుత్వ లోటు జీడీపీలో 3 శాతం దాటకూడదన్నది మీ నియమం. ఇంత పవిత్రంగా కాపాడుతున్న ఆ 3 శాతం ఎక్కడిది? 1981లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాఁ ప్రభుత్వంలో మంత్రుల కోరికలకు కళ్లెం వేయడానికి ఏదో ఒక సూత్రం కావాలన్నారు. ఆర్థిక శాఖలో గీ అబేయ్ అనే యువ అధికారి, సహోద్యోగితో కలిసి గంట కూడా పట్టకుండా ఆ అంకె తేల్చాడు. వెనక ఏ సిద్ధాంతమూ లేదని ఆయనే తర్వాత చెప్పాడు. పదకొండేళ్లకు అది యూరోకు పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందంలోకి ఎక్కింది. భారతదేశంలో ప్రభుత్వ లోటుకు హద్దు పెట్టే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం కింద పెట్టుకున్న లక్ష్యమూ ఇదే 3 శాతం. మా తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రులు కూడా ఆ గీత దాటనివ్వమని ఢిల్లీ చుట్టూ తిరుగుతుంటారు. ఒక్క గంటలో పుట్టిన అంకె ఎంత దూరం ప్రయాణించిందో చూడండి!

పోనీ ఆ గీత అందరికీ ఒకటేనా అంటే అదీ కాదు. 2003లో జర్మనీ, ఫ్రాన్స్ దాన్ని దాటితే సభ్యదేశాల ఆర్థిక మంత్రుల మండలి చర్యలు ఆపేసింది. 2020లో కోవిడ్ వస్తే నియమాలను పక్కన పెట్టారు, సరైన పనే. 2024లో సవరించిన నియమాల ప్రకారం అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశం దాన్ని ఏటా సగటున ఒక శాతం తగ్గించుకోవాలన్నారు, ఏడు దేశాల మీద అధిక లోటు చర్యలు మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండానే రక్షణ ఖర్చు పెంచుకునే దేశాలకు జీడీపీలో 1.5 శాతం వరకు నాలుగేళ్ల మినహాయింపు ఇచ్చారు. రష్యా పక్కనే ఉన్న దేశం మీది, ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కానీ ట్యాంకు కొంటే లెక్కలోంచి తీసేసే అప్పు, రైలు సిగ్నల్ కొంటే ఎందుకు లెక్కలోకి వస్తుంది? డబ్బు లేదన్న మాట అబద్ధమని ఆ మినహాయింపుతో మీరే చెప్పినట్టయింది.

అందుకే రెండు కోరికలు. రైల్వే భద్రత, వంతెనలు, ఆసుపత్రులు, తనిఖీ విభాగాల మీద పెట్టే పెట్టుబడికీ రక్షణకు ఇచ్చిన మినహాయింపే ఇవ్వండి. ఏ దేశపు ప్రణాళికను ఆమోదించినా, ఆ కోతల వల్ల ఏ తనిఖీ ఆగుతుందో, ఏ వార్డు మూతపడుతుందో రాసిన పత్రాన్ని అంకెల పక్కనే ప్రచురించండి.

రక్షణ మినహాయింపు 2028తో ముగుస్తుంది. ఆయుధాల అప్పు అప్పుడు మళ్లీ మామూలు లెక్కలోకి వస్తుంది, దాన్ని సర్దడానికి ఇంకో విడత కోత పడుతుంది. అది దేని మీద పడుతుందో ఇప్పుడే, ఎన్నికలకు ముందే, సభ్యదేశాల ఓటర్లకు చెప్పగలరా?

ఇట్లు,
జర్మనీలో పన్ను కడుతున్న ఒక తెలుగువాడు