బ్యాండ్ సా కొనాలనుకునే మా కస్టమర్లకు: ఈ నెల నుంచి ఏం అమ్ముతాం, ఏం అమ్మం

బ్యాండ్ సా అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో చెక్క కోసే మిషన్. ఇంట్లో చెక్కపని చేసుకునేవాళ్ళు మా షాపులో ఎక్కువగా అడిగేది ఒకటే: "తొమ్మిది అంగుళాల బ్యాండ్ సా సరిపోతుందా, పద్నాలుగుదే తీసుకోవాలా?" ఇన్నాళ్ళూ రెండూ పక్కపక్కన పెట్టి, మీ బడ్జెట్ చూసుకుని మీరే తేల్చుకోండి అంటూ వచ్చాం. అది సరైన పద్ధతి కాదు. ఈ నెల నుంచి తొమ్మిది అంగుళాల మిషన్ స్టాకు పెట్టడం మానేస్తున్నాం. ఎందుకు మానేస్తున్నామో, ఏం చూసి కొనాలో కింద రాశాం. పోయిన లాటులో వచ్చిన అర అంగుళం బ్లేడ్ల సంగతి కూడా ఇందులోనే ఉంది. అవి కొన్నవాళ్ళు ఆ భాగం తప్పకుండా చదవండి.

మిషన్ పేరులో ఉండే అంగుళాలు చక్రం వ్యాసం. బ్లేడుకీ వెనక స్తంభానికీ మధ్య ఎడం దానికంటే కాస్త తక్కువ ఉంటుంది, 14 అంగుళాల మిషన్‌లో దాదాపు 13½. ఇంటిపనిలో ముందుగా అడ్డుపడేది మాత్రం ఈ వెడల్పు కాదు, ఎత్తు. అంటే టేబుల్ మీద ఎంత మందం చెక్కను నిలబెట్టి కోయగలం అన్నది. తొమ్మిది అంగుళాల మిషన్లలో చాలావాటికి ఇది మూడున్నర అంగుళాల దగ్గరే ఆగిపోతుంది. పోత ఇనుము ఫ్రేము ఉన్న 14 అంగుళాల మిషన్‌లో 6 అంగుళాలు వస్తుంది. అయిదు అంగుళాల వెడల్పు టేకు పలకను నిలబెట్టి రెండు పలచటి పలకలుగా చీల్చాలంటే చిన్న మిషన్‌లోకి అది దూరదు కూడా.

దూరినా ఇబ్బందే. చిన్న మిషన్లలో మోటారు అర హెచ్‌పి లోపే. ఫ్రేము పలచన, బ్లేడుని బిగించే స్ప్రింగు బలహీనం. బ్లేడును తగినంత బిగించబోతే ఫ్రేమే వంగుతుంది, బిగించకపోతే కోత విల్లులా వంకరపోతుంది. పైగా చక్రం చిన్నదైతే బ్లేడు తిరిగిన ప్రతిసారీ ఎక్కువ వంగి లేవాలి. ఆ అలసటకి పళ్ళ మధ్య గాడిలో సన్నటి పగులు మొదలై, పళ్ళు ఇంకా పదునుగా ఉండగానే బ్లేడు తెగుతుంది. ఏటికొప్పాక తరహాలో లేతు మీద బొమ్మలు చేసేందుకు అంకుడు కర్ర ముక్కలు కోసుకోవడానికి, రెండు అంగుళాల లోపు మెత్తటి చెక్కలో వంపులు తిప్పడానికి మాత్రం అది నిజంగానే పనికొస్తుంది. అలాంటి పనే ఉంటే చెప్పండి, ఆర్డరు మీద తెప్పిస్తాం.

అసలు బ్యాండ్ సా అవసరం లేనివాళ్ళు కూడా వస్తున్నారు. ప్లైవుడ్ షీట్లతో వార్డ్‌రోబ్, కిచెన్ కేబినెట్లు చేసుకోవాలంటే చేతి సర్క్యులర్ సా, దానికొక గైడు పట్టీ ఉంటే చాలు. పలచటి బోర్డులో వంపులకి జిగ్ సా సరిపోతుంది. మందమైన చెక్కలో వంపు కోయడం, దుంగ ముక్కని పలకలుగా చీల్చడం, లేతుకి గుండ్రటి ముక్కలు తీయడం, ఈ మూడింటిలో ఒక్కటైనా మీ పనిలో ఉంటేనే బ్యాండ్ సా కొనండి.

ఇంకో పొరపాటు మరీ ఖరీదైనది. ఆటోనగర్ వర్క్‌షాపుల్లో ఉండేవి చాలావరకు ఇనుము కోసే బ్యాండ్ సాలు. చూడటానికి అదే జాతి అనిపిస్తుంది, సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా కూడా దొరుకుతాయి. కానీ వాటిలో బ్లేడు నిమిషానికి కొన్ని పదుల మీటర్లు మాత్రమే నడుస్తుంది. చెక్కకి నిమిషానికి 915 మీటర్ల దాకా కావాలి. ఆ వేగంలో 14 అంగుళాల చక్రం నిమిషానికి 820 చుట్లు తిరుగుతుంది. మోటారు 1440 చుట్లదైతే పుల్లీల నిష్పత్తి 1.75 దగ్గర ఉండాలి. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అక్కడి లెక్కతో పుల్లీలు వేసిన మిషన్‌కి ఇక్కడి మోటారు పెడితే వేగం ఆరో వంతు పడిపోతుంది. అడిగితే పుల్లీల కొలతలు మీ ముందే తీసి చూపిస్తాం.

పాత త్రీ ఫేజ్ మిషన్ దొరికితే మోటారు ప్లేటు చదవండి. 230 వోల్టులు డెల్టా, 415 వోల్టులు స్టార్ అని రెండూ ఉంటే (డెల్టా, స్టార్ అంటే మోటారు వైండింగులు కలిపే రెండు పద్ధతులు), సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ అనే పరికరం పెట్టి ఇంట్లో నడపొచ్చు. 415 డెల్టా అని ఒక్కటే ఉంటే ఆ దారి లేదు, మోటారు మార్చాల్సిందే. తలుపులు రెండూ తెరిచి చక్రాల్ని చేత్తో తిప్పండి. అటూ ఇటూ ఊగితే, బేరింగులు గరగరమంటే వదిలేయండి. చక్రం మీది రబ్బరుని గోటితో నొక్కండి. గట్టిపడి పగుళ్ళు ఇచ్చి ఉంటే అది మార్చే ఖర్చు బేరంలో కలుపుకోండి. టేబుల్ కింద వంపు తిప్పే బ్రాకెట్‌లో పగులు ఉంటే మాత్రం ఎంత చవకైనా వద్దు.

కరెంటు విషయం. 1 హెచ్‌పి సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు 6 ఆంప్స్ దాకా లాగుతుంది, స్టార్టింగులో దానికి అయిదారు రెట్లు. ఫ్యాను, లైటు ప్లగ్గుల లైన్ మీద పెట్టకండి. 16 ఆంప్స్ సాకెట్, 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, సి రకం ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్) ఉండాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో వరండాలోకి లాగితే వోల్టేజ్ పడి, మోటారు తిరక్కుండా గుయ్యిమంటుంది. అలా జరిగిన వెంటనే స్విచ్ ఆపాలి. చూద్దాం అని ఆగితే వైండింగ్ కాలిపోతుంది. సరైన లైన్ మీద కూడా గుయ్యిమంటే ముందు కెపాసిటర్ చూపించండి.

పోత ఇనుము మిషన్‌కి వెనక స్తంభం మధ్యలో ఆరు అంగుళాల దిమ్మె వేసి ఎత్తుని 12 చేసుకోవచ్చని కొందరు అడుగుతున్నారు. ఎత్తు పెరుగుతుంది, నిజమే. మోటారు మాత్రం పెరగదు. 1 హెచ్‌పితో ఆరు అంగుళాల టేకు నిదానంగా కోయొచ్చు. 12 అంగుళాల చేవ ఉన్న కర్రకి 2 హెచ్‌పి కావాలి. దిమ్మె వేశాక బ్లేడు పొడవు కూడా 93½ నుంచి 105 అంగుళాలకి మారుతుంది, ఇంట్లో ఉన్న బ్లేడ్లన్నీ వృథా. ముప్పావు అంగుళం బ్లేడు పడుతుందని డబ్బా మీద రాసి ఉన్నా, ఈ ఫ్రేముల్లో స్ప్రింగు దాన్ని సరిగ్గా బిగించలేదు. అర అంగుళమే హద్దు అనుకోండి.

ఇక బ్లేడు. షాపుకి మిషన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు తీరా చూస్తే బ్లేడువే. మిషన్‌తో కంపెనీ ఇచ్చే బ్లేడు తిరుగుతుందో లేదో చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. అందుకే ఇకమీదట ప్రతి మిషన్‌తోనూ రెండు మంచి బ్లేడ్లు ధరలోనే కలిపి ఇస్తున్నాం: చీల్చడానికి అర అంగుళం 3 టీపీఐ, వంపులకి పావు అంగుళం 6 టీపీఐ. టీపీఐ అంటే అంగుళానికి ఎన్ని పళ్ళు అని.

పళ్ళు ఎక్కువుంటే కోత నున్నగా వస్తుందన్నది పలచటి చెక్కకే నిజం. ఆరు అంగుళాల మందంలో 10 పళ్ళ బ్లేడు నడిపితే, పళ్ళ మధ్య చిన్న గాడులు సగం దూరంలోనే పొట్టుతో నిండిపోతాయి. ఆ పొట్టు బయటికి పోయే దారిలేక రుద్దుకుంటుంది, బ్లేడు వేడెక్కుతుంది, చెక్క నల్లగా మాడుతుంది, గీత తప్పుతుంది. మరీ తక్కువైనా కష్టమే. ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు చెక్కలో ఉండాలి, లేకపోతే పలచటి చెక్క ఎగిరెగిరి పడుతుంది. పావు అంగుళం ప్లైకి 12 పళ్ళకి తగ్గకూడదు.

వంపు ఎంత చిన్నగా తిప్పగలం అన్నది బ్లేడు వెడల్పుని బట్టి ఉంటుంది. పావు అంగుళం బ్లేడు 5/8 అంగుళం వ్యాసార్థం దాకా తిరుగుతుంది, 3/8 బ్లేడు అంగుళంన్నర దాకా, అర అంగుళంది రెండున్నర దాకా. అంతకంటే చిన్న వంపుకి బలవంతంగా తిప్పితే బ్లేడు మెలిపడి గైడుల్లోంచి (బ్లేడు పక్కకి పోకుండా పట్టి ఉంచేవి) బయటికొస్తుంది.

టేకులో సన్నటి ఇసుకలాంటి సిలికా ఉంటుంది, మామూలు కార్బన్ స్టీలు పళ్ళని అది త్వరగా అరగదీస్తుంది. ఎక్కువగా టేకే కోసేవాళ్ళకి బై మెటల్ బ్లేడు (పళ్ళకి గట్టి ఉక్కు, వీపుకి వంగే ఉక్కు అతికినది) మొదట ఖరీదనిపించినా చివరికి గిట్టుబాటవుతుంది. పెంకుటిళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, గుమ్మాలు కొని తెచ్చుకునేవాళ్ళు కోసేముందు గట్టి అయస్కాంతం తిప్పి మేకులు చూసుకోండి. ఒక్క మేకు తగిలితే ఒకవైపు పళ్ళు పోతాయి. ఆ తర్వాత బ్లేడు పదును మిగిలిన వైపుకే లాగేస్తుంది, ఎంత సర్దినా గీత మీద నిలవదు.

పోయిన లాటు సంగతి. రోల్ నుంచి కోసి వెల్డింగ్ చేసి మాకు వచ్చిన 93½ అంగుళాల, అర అంగుళం బ్లేడ్లలో కొన్నింటికి అతుకు సరిగ్గా లేదు. వెల్డింగ్ తర్వాత ఆ చోటుని మళ్ళీ వేడిచేసి నిదానంగా చల్లార్చాలి. అది సరిగ్గా జరక్కపోతే అతుకు పక్కన ఉక్కు పెళుసుగా ఉండిపోయి అక్కడే తెగుతుంది. కొన్నింటిలో వీపు అంచు కూడా ఒక వరసలో లేదు. ఇంట్లో చూసుకోవడం తేలికే. ప్లగ్గు తీసి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. బ్లేడు ప్రతి చుట్టుకీ ఒకసారి దాని వెనక ఉండే బేరింగ్ దగ్గర టిక్కుమంటే అతుకు ఎత్తుపల్లాలుగా ఉన్నట్టు. అలాంటి బ్లేడు వాడినదైనా, తెగినదైనా తీసుకురండి, కొత్తది ఇస్తాం. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు. అమ్మేముందు మేము చూడాల్సింది, చూడలేదు. ఇప్పుడు ప్రతి బ్లేడూ మా దగ్గరున్న మిషన్ మీద తిప్పి చూశాకే అమ్ముతున్నాం.

బ్లేడు ఎక్కించే వరస తప్పితే మంచి బ్లేడు కూడా చెడ్డదే అనిపిస్తుంది. ప్లగ్గు తీయండి. పై గైడుల్నీ, కింది గైడుల్నీ వెనక్కి జరపండి. పళ్ళు మీవైపు, మొనలు కిందికి ఉండాలి. పైకి కనబడుతుంటే బ్లేడుని లోపలి వైపు బయటికి తిరగేయాలి. బ్లేడుని బిగించాక పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ, దాని వంపు మర సర్దుతూ బ్లేడు చక్రం నడిమధ్య నడిచేలా చూడండి. ఇదయ్యాకే గైడులు. చాలామంది ముందే గైడులతో బ్లేడుని దారికి తెద్దామని చూస్తారు, అందుకే బ్లేడూ పోతుంది, గైడూ పోతుంది. వెనక బేరింగ్‌కీ బ్లేడుకీ మధ్య విజిటింగ్ కార్డు మందం, పక్క గైడులకి కాగితం మందం ఎడం ఉంచండి. పక్క గైడు ముందు అంచు పళ్ళ గాడి వెనకే ఆగాలి, పళ్ళకి తగిలితే పదును ఒక్క నిమిషంలో పోతుంది.

బిగువుకి మిషన్ మీది స్కేలుని నమ్మకండి. గైడుని ఆరు అంగుళాల ఎత్తున పెట్టి, బ్లేడుని వేలితో పక్కకి గట్టిగా నెట్టండి. పావు అంగుళం కంటే ఎక్కువ కదిలితే వదులు. చీల్చిన పలక మధ్యలో పొట్టలా ఉబ్బి వచ్చిందంటే బిగువు చాలలేదనో, చెక్కని మరీ తోసేశారనో అర్థం. బ్లేడు కొత్తదై, బిగువు బాగుండి కూడా ఒకే కోణంలో పక్కకి పోతుంటే ఒక పనికిరాని ముక్క మీద నిలువు గీత గీసి, ఫెన్స్ (చెక్కని ఆనించి తోసే పట్టీ) లేకుండా గీత వెంట సగం దాకా కోసి ఆపండి. ముక్క ఏ కోణంలో నిలిచిందో టేబుల్ మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టి, ఫెన్స్‌ని ఆ కోణానికి సర్దండి. అంతటితో సరిపోతుంది.

కోసేటప్పుడు పై గైడు చెక్కకి పావు అంగుళం ఎత్తులోనే ఉండాలి, అంతకంటే పైకి వద్దు. గ్లౌజులు వద్దు. వేలాడే కండువా, వదులు చేతుల చొక్కా కూడా వద్దు. గుండ్రటి దుంగని ఊరికే టేబుల్ మీద పెట్టి కోయొద్దు, బ్లేడు దాన్ని ఒక్కసారిగా తిప్పి చేతిని లోపలికి లాగుతుంది. కింద వి ఆకారం దిమ్మె పెట్టండి, లేదా ఒక పలకకి స్క్రూలతో బిగించండి. బ్లేడు తెగితే స్విచ్ ఆపి, చక్రాలు పూర్తిగా ఆగేదాకా తలుపు తెరవకండి. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ సంస్థ ఐఏఆర్‌సీ 1995లోనే తేల్చింది. గదిలో కోసేవాళ్ళు ఎన్95 మాస్కు పెట్టుకోండి, దుమ్ము లాగే యంత్రం కూడా ఉంటే ఇంకా మంచిది.

మన ఊళ్ళో ఇంకొకటుంది, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో పోత ఇనుము టేబుల్ మీద రాత్రి చెయ్యి పెట్టిన చోట పొద్దున్నకి తుప్పు మచ్చ కనబడుతుంది. పని అయ్యాక పొట్టు తుడిచేయండి. పచ్చి కర్ర పొట్టయితే అసలు ఉంచకండి, దానిలోని తడే తుప్పు పట్టిస్తుంది. నెలకోసారి టేబుల్‌కి మైనం పాలిష్ రుద్దండి. నూనె రాస్తే చెక్కకి అంటి, తర్వాత పాలిష్ పట్టదు. వారం పాటు వాడకపోతే బ్లేడు బిగువు వదలండి, రబ్బరులో గుంట పడదు. మళ్ళీ బిగించడం మర్చిపోకుండా స్విచ్ మీద ఒక చీటీ అంటించుకోండి.

14 అంగుళాల మిషన్ బరువు వంద కిలోలకి అటూ ఇటూ. లిఫ్ట్ లేని పై అంతస్తు అయితే స్టాండు, ఫ్రేము, టేబుల్ విడదీసి తెస్తాం, ఇద్దరు మనుషులు అదనంగా కావాలి, ఆ కూలీ బిల్లులో విడిగా వేస్తాం. బిగించి, బ్లేడు సర్ది, మీ చెక్క మీద ఒక కోత కోసి చూపించే వెళ్తాం. షాపుకి వచ్చేటప్పుడు మీరు తరచూ కోసే కర్ర ముక్క ఒకటి, గది తలుపు వెడల్పు కొలత, స్విచ్ బోర్డు ఫోటో తెచ్చుకోండి.