72 గంటల్లో పాస్‌వర్డ్ దొరుకుతుందని అమ్మిన యంత్రంపై ఫిర్యాదు

గుంటూరు,
12-04-2025.

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: పాస్‌వర్డ్ రికవరీ యంత్రం – తప్పుదోవ పట్టించే ప్రకటన – సొమ్ము వాపసు కోరుట గురించి.

అయ్యా,

ఫిబ్రవరి 24న మీ సంస్థ నుంచి రెండు గ్రాఫిక్స్ కార్డులున్న పాస్‌వర్డ్ రికవరీ యంత్రాన్ని 1,85,000 రూపాయలు చెల్లించి కొన్నాను. మా ఉమ్మడి పొలాల సర్వే నంబర్లు, పాసు పుస్తకాల వివరాలు, వాటాల లెక్కలు 2017లో ఎక్సెల్ 2016 ఫైలులో రాసుకుని, దానికి నేనే పాస్‌వర్డ్ పెట్టి, తర్వాత మరచిపోయాను. అన్నదమ్ముల పంపకాల దస్తావేజులు ఈ నెలలో రాయించాల్సి ఉన్నందువల్ల, మరచిపోయిన ఏ పాస్‌వర్డ్ అయినా 72 గంటల్లో దొరుకుతుందన్న మీ ప్రకటనను నమ్మాను.

ఫైలు ఏ రకమో కొనే ముందే ఫోనులో చెప్పాను. యంత్రం సెకనుకు 5,000 కోట్ల పాస్‌వర్డులను పరీక్షిస్తుందని మీ ప్రతినిధి హామీ ఇచ్చారు. తీరా నడిపితే తెర మీద కనిపించిన వేగం సెకనుకు 20 వేలకు కూడా చేరలేదు. మొదట యంత్రంలో లోపమేమో అనుకున్నాను గానీ, లోపం మీరు చెప్పిన మాటలో ఉంది. ఆ 5,000 కోట్లు ఎండీ5 అనే పాత, తేలికపాటి పద్ధతిలో దాచిన పాస్‌వర్డులకు వచ్చే వేగం. ఎక్సెల్ 2013 మొదలుకొని తర్వాత వచ్చిన ఫైళ్లలోనైతే, ఒక్క పాస్‌వర్డును సరిచూడడానికి ఎస్‌హెచ్‌ఏ-512 అనే, ఎండీ5 కంటే బరువైన గణనను వరుసగా లక్షసార్లు చేయాలి. ఒకటొకటిగా ఊహించి తెరవజూసేవారికి ఆలస్యం కలిగించడానికే ఆ ఏర్పాటు చేశారు. తాళం ఏదో చెప్పకుండా వేగం ఒక్కటే చెప్పడం కొనుగోలుదారును మోసగించడమేనని నా అభిప్రాయం.

ఇంతకంటే నన్ను బాధించిన విషయం మరొకటి ఉంది. ఆ పాస్‌వర్డులో మా ఊరి పేరు, దాని వెనుక నాలుగు అంకెలు, చివర ఒక గుర్తు ఉన్నాయని మీ సాంకేతిక సిబ్బందికి రెండుసార్లు చెప్పాను. వారు ఆ మాట పట్టించుకోకుండా, కీబోర్డు మీది అక్షరాలు, అంకెలు, గుర్తులు మొత్తం 95నీ అన్ని విధాలా కలిపి, తక్కువ పొడవు నుంచి మొదలుపెట్టి ఒక్కో అక్షరం పెంచుకుంటూ వెతికేలా అమర్చి వెళ్లారు. 23 రోజులు రాత్రింబవళ్లు నడిచాక కూడా యంత్రం ఆరక్షరాల దశలోనే ఉంది. సెకనుకు 20 వేల చొప్పున ఆ దశ ముగియడానికే సుమారు 14 నెలలు, ఏడక్షరాల దశకు 110 ఏళ్లు పడుతుంది. నా పాస్‌వర్డ్ పదమూడు అక్షరాలది. ఈ సంగతి అడిగితే, మరో రెండు కార్డులు కొంటే సమయం సగానికి తగ్గుతుందని మీ కార్యాలయం జవాబిచ్చింది. కార్డులు రెట్టింపైతే వేగం రెట్టింపవుతుంది, నిజమే. కానీ పాస్‌వర్డులో ఒక్క అక్షరం పెరిగితే పని 95 రెట్లవుతుందన్నది మీకు తెలియని విషయం కాదు.

చివరకు మా మేనల్లుడు తన పాత కంప్యూటరులో, ఉచితంగా దొరికే హ్యాష్‌క్యాట్ అనే పాస్‌వర్డులు వెతికే సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫైలు తెరిచాడు. ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో నేను ఎన్ని రకాలుగా రాసి ఉండవచ్చో, దీర్ఘానికి ఒక ‘ఏ’ పెట్టానో రెండు పెట్టానో, వత్తుకు ‘హెచ్’ చేర్చానో లేదో, అన్నీ నన్ను కూర్చోబెట్టి అడిగి 24 రూపాలు రాసుకున్నాడు. వాటికి నాలుగు అంకెల 10,000 కలయికలు, 33 గుర్తులు జోడిస్తే మొత్తం 79,20,000 పాస్‌వర్డులే అయ్యాయి. సెకనుకు 2 వేలు మాత్రమే చూడగల అతని చిన్న కార్డుకు 40 నిమిషాల్లో జవాబు దొరికింది. మీ యంత్రానికి అదే జాబితా ఇచ్చి ఉంటే మొత్తం ఏడు నిమిషాల లోపే ముగిసేది. అంటే నాకు కావలసింది లక్షన్నర దాటిన యంత్రం కాదు, నేను చెప్పేది శ్రద్ధగా వినే మనిషి.

కాబట్టి యంత్రాన్ని వెనక్కి తీసుకుని, చెల్లించిన మొత్తాన్నీ 30 రోజుల్లోగా వాపసు చేయాలని కోరుతున్నాను. 72 గంటల వాగ్దానాన్ని ప్రకటన నుంచి తొలగించి, ఏ రకం ఫైలుకు ఎంత వేగం వస్తుందో విడివిడిగా ప్రచురించాలని, కొనుగోలుదారుకు తన పాస్‌వర్డులో ఏమేమి గుర్తున్నాయో అడిగిన తర్వాతే ధర చెప్పాలని కూడా కోరుతున్నాను. గడువులోగా జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను. రసీదు నకలు, వేగం కనిపిస్తున్న తెర ఫొటోలు జతచేశాను. యంత్రాన్ని మీరు పంపిన పెట్టెలోనే తిరిగి సర్ది ఉంచాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు